ఒక ఎండాకాలం ఆగండి

ఆక్సోలోటల్ అంటే ఏమిటో మన బాన్సువాడ పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2021లో అది మైన్‌క్రాఫ్ట్ ఆటలోకి వచ్చింది, ఆట సెల్‌ఫోన్లలో ఇంటింటికీ వచ్చింది. లేత గులాబి ఒళ్లు, మెడకు రెండు వైపులా కుచ్చులు కుచ్చులుగా మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే నోరు. "చిన్నాయనా, మనింట్ల పెంచుదామా? పెద్ద అద్దాల తొట్టి పెట్టి అండ్ల మంచిగ మొక్కలు నాటుదాం" అన్నాడు మా అన్న కొడుకు. మొక్కలున్న తొట్టి అంటే నాకు మొదటి నుంచీ ప్రాణం. అందుకే ఆ కోరికను కొట్టిపారేయలేదు. వాడికి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ఇది చేప కాదు, కప్పల్లాగే ఉభయచరం. మన కప్పపిల్ల కాళ్లు రాగానే మొప్పలూ తోకా పోగొట్టుకుని గట్టెక్కుతుంది. ఆక్సోలోటల్ కాళ్లు వచ్చినా మొప్పలు వదలదు. నీళ్లలోనే పెద్దదవుతుంది, నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. కాలు తెగితే ఎముకతో సహా మళ్లీ మొలిపించుకుంటుంది. ఈ వింతల కోసమే నూటయాభై ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలు దాని వెంటపడ్డారు. 1864లో పారిస్‌లో జంతుశాస్త్రవేత్త ఆగస్ట్ దుమెరిల్ చేతికి ఆరు జీవులు వచ్చాయి. ఈనాటి ప్రయోగశాలల్లో పెరుగుతున్నవాటిలో చాలామటుకు ఆ ఆరింటి సంతానమే.

దాని పుట్టినిల్లు మెక్సికో నగరానికి దక్షిణాన ఉన్న సోచిమిల్కో కాలువలు. భూగోళం మీద అది 19 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంటే మన ఊరు 18 డిగ్రీల దగ్గర ఉంది. సూర్యుడు ఇద్దరికీ దాదాపు ఒకటే. తేడా అంతా ఎత్తులో ఉంది. నిజాంసాగర్ జలాశయం నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 1,405 అడుగులు, దాని కాలువ పల్లానికి పారి మన ఊరికొస్తుంది. సోచిమిల్కో 7,300 అడుగుల పైన ఉంది. అంత ఎత్తున ఉండబట్టే అక్కడి నీళ్లు చల్లన. ఆక్సోలోటల్‌కు హాయిగా ఉండేది 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్. 20 దాటితే ఇబ్బంది పడుతుంది, 24 దాటితే తిండి మానేస్తుంది, ఒంటికి బూజు పడుతుంది. పైగా 18 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో దాదాపు తొమ్మిదిన్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. వేడి నీళ్లలో జీవికి ఊపిరి అవసరం పెరుగుతుంది, దొరికే ఊపిరి తగ్గుతుంది.

రంజన్‌లో నీళ్లు చల్లబడవా అని అడిగాడు పిల్లవాడు. మంచి ప్రశ్న. కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. తొట్టి మీద ఫ్యాను పెట్టినా జరిగేది అదే, కాకపోతే దాంతో తగ్గేది రెండు మూడు డిగ్రీలు. బయట 44 ఉన్న మే నెలలో 18కి దించడం ఫ్యాను వల్ల కాదు. ముసురు పట్టినప్పుడు ఆ కాస్త కూడా తగ్గదు. ఇక్కడ నీళ్లను చల్లబరిచే చిల్లర్ ఉండాలి, లేదా రాత్రింబవళ్లు ఏసీ నడిచే గది ఉండాలి. గాలిదుమారానికి స్తంభాలు ఒరిగి కరెంటు పోయే రోజులకు ఇంకో ఏర్పాటు కూడా కావాలి. గడ్డకట్టించిన నీళ్ల సీసాలు తొట్టిలో వేస్తే కొన్ని గంటలు గడుస్తాయి, అంతే.

ఇక మొక్కలు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఒక జీవికి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు తొట్టి ఉంటే బాగుంటుంది. నిండితే 190 లీటర్లు, కాబట్టి కింద గట్టి బల్ల వేయాలి. అడుగున మంజీర ఇసుకే చాలు, కానీ సన్నటి జల్లెడ పట్టి, తేట నీళ్లు వచ్చేదాకా కడగాలి. ఆక్సోలోటల్ నోరు తెరిచి తిండిని నీళ్లతో సహా లోపలికి పీల్చుకుంటుంది. గులకరాయి పోతే పేగుకు అడ్డం పడుతుంది. దానికి కనురెప్పలు లేవు, వెలుతురు ఎక్కువైతే ఓర్చుకోలేదు. అందుకని తక్కువ వెలుతురులో, చల్లటి నీళ్లలో బతికే మొక్కలు ఎంచుకోవాలి. జావా ఫెర్న్‌నూ అనుబియాస్‌నూ ఇసుకలో పూడ్చకుండా నూలుదారంతో రాయికి కట్టాలి, దుంప పూడితే కుళ్లుతుంది. జావా మాస్‌ను అలాగే వదిలేయవచ్చు. వెనుక వరుసలో వాలిస్నేరియా పొడుగాటి ఆకులు నీటిమట్టం దాకా లేచి నీడనిస్తాయి. అంచులు నున్నగా అరగదీసిన కుండపెంకు బోర్లిస్తే అదే దాని గూడు. నీళ్లు నెమ్మదిగా కదలాలి, స్పాంజి ఫిల్టరు సరిపోతుంది.

వాలిస్నేరియా మన చెరువుల్లోనే దొరుకుతుంది కదా అంటారు. దొరుకుతుంది. కానీ మన చుట్టూ ఉన్నది వరి. మడిలో కొట్టిన మందు కాలువలోకీ చెరువులోకీ దిగుతుంది. ఉభయచరాల చర్మం నీళ్లలో ఉన్నదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. చెరువు మొక్క తెస్తే కొన్ని వారాలు వేరే టబ్బులో ఉంచి, నీళ్లు మారుస్తూ, కొత్తగా వేసిన చిగుళ్లనే తుంచి నాటాలి. జలగలు, తూనీగ పిల్లపురుగులు ఉంటే అప్పుడే బయటపడతాయి. తిండికి వేసే ఎర్రలను కూడా మందు తగలని నేల నుంచే తీయాలి. నల్లా నీళ్లలో క్లోరిన్ పోగొట్టాకే తొట్టిలో పోయాలి.

నీళ్లు పోసి, మొక్క నాటితే తొట్టి సిద్ధమైనట్టు కాదు. జీవి విసర్జించే అమ్మోనియా విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఇసుకలో, స్పాంజిలో స్థిరపడాలి. చివరికి మిగిలే నైట్రేట్‌లో కొంత మొక్కలు తింటాయి. దీనికి నెలా నెలన్నర పడుతుంది. చల్లటి నీళ్లలో ఇంకా ఆలస్యం. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చేదాకా ఏ ప్రాణినీ వేయకూడదు.

సోచిమిల్కోలో ఏం జరిగిందో కూడా పిల్లలు వినాలి. 1998లో అక్కడ చదరపు కిలోమీటరుకు 6,000 ఆక్సోలోటల్‌లు ఉన్నట్టు లెక్క తేలింది. 2014 నాటికి 36. నీళ్లు చెడిపోవడం ఒక కారణం. ఆహారం కోసమని తెచ్చి వదిలిన కార్ప్, తిలాపియా చేపలు గుడ్లనూ పిల్లలనూ తినేయడం ఇంకో కారణం. ఆ తిలాపియానే మనం జిలేబీ చేప అంటున్నాం. 1952లో మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు ఎక్కడ వలేసినా పడుతుంది. అక్వేరియంల నుంచి బయటపడ్డ దయ్యం చేప మన నదుల్లో, చెరువుల్లో జాలర్ల వలలు చింపుతోంది.

వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఆక్సోలోటల్ ఉంది. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం, 2024 నిబంధనల ప్రకారం దాన్ని తెచ్చుకున్నవాళ్లు 30 రోజుల్లోపు పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాగితాలు చూపలేని దుకాణంలో కొనకండి.

నా సలహా ఇది. సంక్రాంతికి తొట్టి పెట్టండి, మొక్కలు నాటండి, థర్మామీటరు వేలాడదీయండి. ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా జీవి లేకుండానే చిల్లర్ నడిపి, రోజూ వేడి ఎంతుందో రాసిపెట్టండి. కరెంటు పోయిన రోజులతో సహా 18 దగ్గర నిలిస్తే ఆక్సోలోటల్‌ను తెచ్చుకోండి. నిలవకపోతే చిల్లర్ ఆపేయండి, అదే మొక్కల మధ్య మన చెరువు పరకలను పెంచుకోండి, అవి ఈ వేడికి పుట్టినవే. ఏ తొట్టిలోదైనా సరే, పెంచలేమనిపిస్తే పెంచగలిగినవాళ్లకు ఇవ్వండి. నిజాంసాగర్ కాలువలో మాత్రం వదలకండి.