ఘాటుకు ఇవతల

1970లో మా బడి బోర్డును హెడ్మాస్టరు దగ్గరుండి తిరగరాయించారు. ‘గిద్దలూరు తాలూకా, కర్నూలు జిల్లా’ అని ఉన్నదాంట్లో కర్నూలు చెరిపేసి ఒంగోలు అని పెట్టించారు. రెండేళ్లకు జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరొచ్చింది. పెయింటరు మళ్లీ నిచ్చెన వేసుకున్నాడు. బోర్డు కింద మూగిన పిల్లల్లో నేనూ ఒకణ్ని. మాకది వేడుక. మా నాయన మాత్రం “ఆఫీసులు యాడికి పోతే మనకేంది, చుట్టాలు నంద్యాలలోనే ఉండారు గదా” అని తేల్చేశాడు.

నిజానికి కలెక్టరాఫీసు దూరంలో మాకు పెద్ద తేడా రాలేదు. కర్నూలైనా ఒంగోలైనా పొద్దున పోతే రాత్రికి రావడం కష్టమే. కానీ సంబంధాలు, వైద్యం, బట్టలు, బంగారం అన్నీ నంద్యాలతోనే. నల్లమల ఘాటు దాటితే నంద్యాల. ఒంగోలు పోవాలంటే దానికి రెట్టింపు పైగా ప్రయాణం.

ఆ కొత్త జిల్లాను మూడు జిల్లాల నుంచి తెచ్చి కూర్చారు. ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు గుంటూరుది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరువి. గిద్దలూరు, మార్కాపురం మా కర్నూలువి. ఆ కర్నూలూ మాకు పుట్టిల్లేం కాదు. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు దత్తమిచ్చిన ప్రాంతంలో మా కంభం సీమ మొదట కడప కిందే ఉండేది, 1858లో కర్నూలులో కలిపారు. 1928లో నంద్యాల సభలో దత్త మండలాలకు రాయలసీమ అని పేరు పెట్టిన రోజున మేం అందులో ఉన్నాం. ఘాటుకు ఇవతల ఉండీ ఉన్నాం.

జిల్లా మారితే ఏం మారుతుందో నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. నేను జూనియర్ లెక్చరర్‌గా పనిచేశాను. అది జోనల్ పోస్టు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల్లో గుంటూరు, ప్రకాశం, నెల్లూరు కలిపి మూడో జోను. చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు నాలుగో జోను. అంటే నన్ను కృష్ణా ఒడ్డుకు వేయొచ్చు, తమిళనాడు సరిహద్దుకూ వేయొచ్చు. కొండ అవతలి నంద్యాలకు మాత్రం వేయకూడదు. అత్తగారి ఊరు నంద్యాల కాబట్టి ఈ నిబంధన విలువ మా ఇంట్లో నాకంటే మా ఆవిడకే బాగా తెలుసు.

ఇంతకంటే చిత్రమైన గీత సీట్ల విషయంలో ఉంది. మా అమ్మాయిని కౌన్సెలింగుకు తీసుకెళ్లినప్పుడు దాన్ని కళ్లారా చూశాను. చదువుల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకు. అక్కడ లోకల్ అంటే జోను కాదు, యూనివర్సిటీ ఏరియా. ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలో ఉంది. నెల్లూరేమో రాయలసీమ నాలుగు జిల్లాలతో కలిసి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ఏరియాలో ఉంది. మా ముందు వరసలో ఒక నెల్లూరు పిల్ల నిలబడింది. సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన ఆ పిల్లకు కర్నూలు మెడికల్ కాలేజీలో లోకల్ హక్కుంది. మా అమ్మాయి అక్కడ నాన్‌లోకల్. “మీది ఏయూ సార్, గుంటూరు పెట్టుకోండి” అన్నాడు బల్ల దగ్గరి కుర్రాడు. అతని తప్పేమీ లేదు. ఆ నెల్లూరు పిల్ల తండ్రితో మాట కలిపితే ఆయన గోడు ఆయన చెప్పుకున్నాడు: “సీటుకు మమ్మల్ని సీమలో వేశారు, పోస్టుకు గుంటూరుతో వేశారు. మేమెవరం సార్?”

2013లో ఇదే ప్రశ్న రోడ్డెక్కింది. అనంతపురం, కర్నూలు జిల్లాలను తెలంగాణతో కలిపి రాయల తెలంగాణ చేస్తారన్న మాట అప్పటికి కొన్నాళ్లుగా నలుగుతోంది. నెల్లూరు, ప్రకాశంతో కలిపి ఆరు జిల్లాల గ్రేటర్ రాయలసీమ కావాలని ఇంకో మాట. జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణకు ఒప్పుకుంది. ఆగస్టులో సమైక్యాంధ్ర సమ్మెతో బస్సులాగాయి, బడులు మూతబడ్డాయి. ఊళ్లో రిలే నిరాహార దీక్షల టెంటు వేశారు. పనిలేని సాయంత్రాలు నేనూ అక్కడే కూర్చునేవాణ్ని. మైకు ఆపాక అసలు చర్చ మొదలయ్యేది.

ఒక రిటైర్డు తెలుగు పండితుడు కంభం చెరువును ముందుకు తెచ్చాడు. గుండ్లకమ్మకు అడ్డంగా దాన్ని కట్టించింది కృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ అని చెబుతారు కాబట్టి మనం ముమ్మాటికీ రాయలసీమేనని ఆయన వాదన. పలకల వ్యాపారి ఒప్పుకోలేదు. మార్కాపురం పలక గుంటూరు, విజయవాడల మీదుగానే బయటికి పోతుంది కాబట్టి మనది కోస్తా అన్నాడు. ఇంకొకాయన సంగటి దగ్గరికి వచ్చాడు. సంగటి తినేవాళ్లంతా సీమవాళ్లైతే కందుకూరు దాకా సీమే అవుతుందని నేను నవ్వాను. యాస మీదా వాదన నడిచింది. ఒంగోలులో మమ్మల్ని సీమోళ్లంటారు, నంద్యాలలో కోస్తావోళ్లంటారు. అక్కడున్న ప్రతివాడికీ ఈ అనుభవముంది.

చివరికి డీఎస్సీకి చదువుతున్న ఒక కుర్రాడు లేచాడు. “రాయలు చెరువు కట్టించినాడు సరే. నాకు పోస్టు యాడ వస్తదో చెప్పండి” అన్నాడు. పండితుడు ఏదో అనబోయి ఊరుకున్నాడు. నా మట్టుకు ఆ టెంటులో విన్న మాటల్లో పనికొచ్చేది అదొక్కటే. తిండి, యాస, పెళ్లిళ్లు గీతతో పని లేకుండా అటూ ఇటూ నడుస్తూనే ఉంటాయి. సీటు, పోస్టు, నీళ్లు అలా నడవవు.

నీళ్ల కథలోనే మాకు ఎక్కువ నష్టం జరిగింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లకు రాయలసీమతో పాటు నెల్లూరుకూ ముందు హక్కు రాశారు. అప్పుడు మేం కర్నూలులో ఉన్నాం, కనిగిరి నెల్లూరులో ఉంది. అంటే తర్వాత ప్రకాశమైన జిల్లా పడమటి భాగమంతా ఆ మాటలో ఉన్నట్టే. 1970లో ఒంగోలుతో కలిశాక ‘కోస్తా జిల్లా’ అనే ముద్ర పడింది. శ్రీబాగ్ గురించి మాట్లాడే సీమ నాయకులకు మేం గుర్తురాం. కోస్తా అంటే కాలవలూ వరిపొలాలూ అనుకునేవాళ్లకు మా ఫ్లోరైడు బోర్లు కనపడవు. శ్రీశైలం నీళ్లను నల్లమల కిందుగా సొరంగాల్లో తెచ్చే వెలిగొండకు శంకుస్థాపన జరిగింది 1996లో. 2022లో కొత్త జిల్లాల మీద పెట్టిన అర్జీలో నేను ఈ విషయం రాస్తున్నప్పటికి కూడా మా పొలాలకు ఆ నీళ్లు రాలేదు.

ఆ ఏడాది జనవరిలో కొత్త జిల్లాల నోటిఫికేషన్ వచ్చింది. అభ్యంతరాలు చెప్పమన్నారు. మార్కాపురం జిల్లా కావాలని మేం పెన్షనర్లం సంతకాలు చేసి ఆ అర్జీ ఇచ్చాం. ఏప్రిల్ 4న 26 జిల్లాలు వచ్చాయి. అద్దంకి, చీరాల బాపట్లకు పోయాయి, కందుకూరు నెల్లూరుకు పోయింది, అప్పటికి మేం ఒంగోలుతోనే మిగిలాం. జోన్లు, యూనివర్సిటీ ఏరియాలు పాత జిల్లాల లెక్కనే నడిచాయి.

గీతలు దిద్దే అధికారులకు ఆ అర్జీలో చివరగా రాసిన మనవినే ఇక్కడా రాస్తున్నాను. మమ్మల్ని సీమలో వేయండి, కోస్తాలో వేయండి, మాకు పట్టింపు లేదు. సీటుకు, పోస్టుకు, నీళ్లకు మాత్రం ఒకే గీత గీయండి. జిల్లా మారినంత మాత్రాన 1937లో మాకిచ్చిన మాట చెల్లకుండా పోదని ఒక జీవోలో రాసివ్వండి.