చందా పుస్తకం పట్టుకుని సాఫ్ట్‌వేర్ జల్సాకి

మన మహల్లాల్లో చందా అడగడం కొత్త విద్య కాదు. మసీదు మరమ్మతుకి, రంజాన్ ఇఫ్తార్‌కి, మీలాద్ జల్సాకి, గరీబు పిల్ల షాదీకి... పంజా సెంటర్ నుంచి వించిపేట దాకా ఏ దుకాణదారు ఎంతిస్తాడో, ఎన్నిసార్లు తిప్పించుకుని ఇస్తాడో మన బుజుర్గులకి జబానీ వచ్చు. మా అక్క కొడుకు, వాడి దోస్తులు మోసుకొచ్చిన చందా మాత్రం వేరు.

"మామూ, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళని వన్ టౌన్‌కి పిలుస్తున్నాం. ఒక్క ఆదివారం. ఫీజు లేదు, ఎవరికీ జీతం లేదు. ఉర్దూ, తెలుగు సరిగ్గా కనబడని ఫ్రీ సాఫ్ట్‌వేర్లని కూర్చుని బాగు చేస్తాం. అరవైమంది వస్తారు. స్పాన్సర్లు కావాలి. మీరు జర్నలిస్టు, మీకు అందరూ తెలుసు కదా!"

తెలుసు. జేబు మాటెత్తితే మొదట మొహం తిప్పుకునేదీ తెలిసినవాళ్ళే.

నాకు ఈ పనిలో గరజ్ ఉంది. ఉర్దూ అఖ్బార్లు ఏళ్ళ తరబడి ఇన్‌పేజ్‌లో కూర్చినవే. ఆ పాత ఫైళ్ళు ఇవాళ తెరిస్తే చాలాసార్లు పిచ్చి గీతలు తప్ప ఉర్దూ కనబడదు. నేను చదువుకున్న జబాన్ కళ్ళ ముందే అలా అయిపోతుంటే మనసు ఒప్పదు.

వన్ టౌన్‌కి ఇలాంటి మజ్లిస్ మరీ కొత్తేం కాదు. తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవాలు 2014 ఫిబ్రవరిలో ఇక్కడే, కొత్తపేట కేబీఎన్ కాలేజీలో జరిగాయి. వాళ్ళు వ్యాసాలు రాసేవాళ్ళు, వీళ్ళు ప్రోగ్రాములు రాసేవాళ్ళు. జీతం లేకుండా రాత్రుళ్ళు కూర్చునే పిచ్చి ఇద్దరిదీ ఒకటే.

కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఒక పెద్దాయన అదే అడిగారు. "పైసా రాని పని ఎందుకు చేస్తారు మియాఁ?"

వక్ఫ్ జమీన్ మిసాల్ చెప్పాను. వక్ఫ్ చేశాక అమ్ముకోవడం కుదరదు, వారసులు పంచుకోవడం కుదరదు. రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ 1989లో తెచ్చిన జీపీఎల్ అనే లైసెన్సు కూడా కొంచెం అలాంటిదే. ఆ ప్రోగ్రాముని ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు. మార్చి పంచేవాడు మాత్రం అదే షరతు మీద పంచాలి, తాళం వేసుకోకూడదు.

"వక్ఫ్ జమీన్లే కబ్జా అవుతున్నాయి కదా!" అన్నారాయన. నవ్వొచ్చింది. దీన్ని ఎంతమంది తీసుకెళ్ళినా అసలు తరగదు చాచా, అన్నాను. మధ్యాహ్నం ఖానా ఆయన జిమ్మా అయింది.

ఇంకొకాయన జకాత్ నుంచి ఇస్తానన్నారు. జకాత్‌కి ఎనిమిది మసారిఫ్ ఖురాన్‌లోనే ఉన్నాయి, ఇంజనీర్ల బిర్యానీ వాటిలో లేదు. లిల్లాహ్ రఖమ్ అయితే ఇవ్వండన్నాం. తగ్గించి ఇచ్చారు, ఇచ్చారు మొత్తానికి.

అసలు ఇమ్తెహాన్ ఆ తర్వాత వచ్చింది. ఫోన్లో అప్పులిచ్చే కంపెనీ ఒకటి మొత్తం ఖర్చు తానే పెట్టుకుంటానంది. వేదిక వెనక వాళ్ళ బ్యానరు, పది నిమిషాల ప్రసంగం, వచ్చినవాళ్ళందరి ఫోన్ నంబర్లు. ఇవీ షరతులు. మావాడి మొహం వెలిగిపోయింది. ఒక్క చెక్కుతో తిరుగుడంతా అయిపోతుంది మరి. హిసాబు చూసే అమ్మాయి ఒప్పుకోలేదు. "సూద్ సంగతి తర్వాత భయ్యా. ఆ నంబర్లు మనవి కావు, అమానత్," అంది.

సూద్ దగ్గర మనం వాదించుకుంటూనే ఉంటాం. మన పిల్లల్లో ఎందరు ఎడ్యుకేషన్ లోన్ మీద చదువుతున్నారో అందరికీ తెలుసు. అమానత్ దగ్గర వాదనకి చోటు లేదు. ఆ రాత్రే వద్దని జవాబు వెళ్ళింది.

స్పాన్సర్లంటేనే చెడ్డ అని కాదు. 2023 సెప్టెంబరులో కొచ్చిలో డెబ్‌కాన్ఫ్ జరిగింది. డెబియన్ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే వలంటీర్ల ఆలమీ ఇజ్తెమా అది, హిందుస్తాన్‌లో అదే మొదటిసారి. ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని తరగతులు పెట్టి కంపెనీల దగ్గర డబ్బు తీసుకున్నారు. దారి ఖర్చులు పెట్టుకోలేని వలంటీర్లకి సాయం కూడా చేశారు. ఇచ్చినవాడికి ఏం దక్కుతుందో, ఏం దక్కదో ముందే కాగితం మీద ఉండాలి. మన జల్సాల్లో ఇదే ఉండదు. ఐదువేలిచ్చిన సేఠ్ మైకు పట్టుకుంటే దింపే మగవాడు ఉండడు.

మా పిల్లలూ ఒక కాగితం రాశారు. పేరు వేస్తాం, మైకు ఇవ్వం, నంబర్లు ఇవ్వం, హిసాబు గోడకి అంటిస్తాం. ఆ కాగితం చూసి ఇద్దరు తప్పుకున్నారు. షాదీఖానా కమిటీ మేడమీది హాలు కిరాయా లేకుండా ఇచ్చింది. జొహర్ నమాజుకి విరామం పెట్టమన్నారు, అంతే. దూరం నుంచి వచ్చే ఇద్దరి రైలు టిక్కెట్లకి ఇంకా పైసలు కావాలి.

వస్త్రలతలో బట్టల వ్యాపారి ఒకాయన అరవై గుడ్డ సంచులిచ్చారు. దుకాణం పేరు వద్దన్నారు. "మా అబ్బా కాతిబ్. షాదీ రుఖాలు చేత్తో రాసేవారు. ఆయన పేరు వేయండి, నస్తాలీఖ్‌లో."

ప్రింటింగ్ వాడి కంప్యూటర్లో ఆ పేరు అక్షరాలు విడిపోయి, వెనక నుంచి ముందుకి వచ్చింది. పిల్లలు అక్కడే స్టూళ్ళు లాక్కుని లాప్‌టాప్ తెరిచారు.