త్రిశూలి: నురగనీటి దారి

హైదరాబాద్‌లో అమీర్‌పేట, పంజగుట్టలకు పడమరగా, జూబ్లీహిల్స్ గుట్టల దిగువన ఉన్న కృష్ణానగర్‌లో నది లేదు. కానీ గట్టివాన ఒక్కటి కురిస్తే చాలు, గుట్టల మీది బండనేలా సిమెంటు రోడ్లూ ఇంకించుకోలేని నీరంతా అక్కడి ఇరుకు గల్లీల్లోకి దూకి, ఇళ్ల ముందు నిలిపిన బైకులను ఈడ్చుకుంటూ, యూసుఫ్‌గూడ, మధురానగర్‌ల మీదుగా అమీర్‌పేట మైత్రీవనం కూడలి దాకా వచ్చి నిలుస్తుంది. తెల్లవారకముందే షూటింగులకు బయలుదేరే జూనియర్ ఆర్టిస్టులూ, లైట్‌మెన్లూ, మేకప్ సహాయకులూ అద్దెకుండే ఈ పేటలో ఆ నీటి బలం అందరికీ తెలిసినదే. నేల వాలు, నీటి పరిమాణం, దారిలోని అడ్డంకి అనే మూడూ ఒకచోట కలిసినప్పుడు ప్రవాహం అలా మారుతుంది: వాలు నీటికి వేగాన్నీ పరిమాణం బలాన్నీ ఇస్తే, అడ్డంకి దాన్ని చీల్చి గాలితో కలుపుతుంది. గాలిబుడగలతో నిండి తెల్లబడిన ఆ నీటినే వైట్ వాటర్ అనీ, దాని మీద గాలి నింపిన రబ్బరు తెప్పలో తెడ్లు వేస్తూ సాగే ప్రయాణాన్ని రాఫ్టింగ్ అనీ అంటారు. గల్లీలో ఈ కలయిక ఎవరికీ లొంగదు. హిమాలయ నదిలో మాత్రం దాన్ని రోజూ చదివే మనుషులున్నారు. తొలిసారి తెప్ప ఎక్కే యాత్రికుడు అప్పగించుకునేది నదికి కాదు, నదిని చదివే ఆ మనుషులకు.

తెలుగు యాత్రికుడికి ఇటువంటి నీటితో విదేశంలో తొలి పరిచయం కలగడానికి ఎక్కువ వీలున్న చోటు నేపాల్‌లోని త్రిశూలి నది. భారతీయులు వీసా లేకుండా వెళ్లగలిగిన దేశం అది. పైగా పశుపతినాథ క్షేత్రం, 108 వైష్ణవ దివ్యదేశాలలో సాలగ్రామ క్షేత్రంగా లెక్కకు వచ్చే ముక్తినాథ్ రెండూ అక్కడే ఉన్నాయి. కాఠ్మండు నుంచి పోఖరా మీదుగా ముక్తినాథ్‌కు పోయే బస్సులు పట్టే పృథ్వీ రాజమార్గం చైనా సాయంతో 1967, 1974 సంవత్సరాల మధ్య నిర్మించినది. అది చాలా దూరం త్రిశూలి ఒడ్డు వెంటే సాగుతుంది కనుక, మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరినవారు సైతం బస్సు కిటికీలోంచి హెల్మెట్లు పెట్టుకున్న తెప్పలవారిని చూస్తూనే పోతారు.

నది పేరు శివుని ఆయుధం నుంచి వచ్చింది. హాలాహలం మింగిన శివుడు గొంతులోని మంట చల్లార్చుకోవడానికి కొండలో త్రిశూలం గుచ్చితే మూడు ఊటలు పుట్టాయనీ, వాటి నీరే 4,380 మీటర్ల ఎత్తున ఉన్న గోసాయికుండ సరస్సు అనీ భక్తులు నమ్ముతారు. భూగోళశాస్త్రం ప్రకారం మాత్రం నదిలోని నీటిలో ఎక్కువ భాగం ఇంకా ఉత్తరాన, టిబెట్‌లోని కిరోంగ్ లోయ నుంచి వస్తుంది. అది రసువాగఢీ దగ్గర నేపాల్ సరిహద్దు దాటుతుంది. 2025 జూలై 8న ఎగువన హిమానీనదం మీద ఏర్పడిన సరస్సు ఒకటి ఒక్కసారిగా ఖాళీ అయి వరదగా దిగడంతో, రెండు దేశాలను కలిపే మైత్రీ వంతెన అక్కడే కొట్టుకుపోయింది. స్యాఫ్రుబేసీ వద్ద లాంగ్‌టాంగ్ లోయ నీరు వచ్చి చేరుతుంది. ఈ భాగంలో వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, రాఫ్టింగ్‌కు మూలమైన మూడు గుణాలూ పుష్కలంగా ఉన్నా తొలిసారి వచ్చినవారికి ఇక్కడ చోటు లేదు. నురగనీటిని అంతర్జాతీయంగా ఒకటి నుంచి ఆరు తరగతులుగా విభజిస్తారు. ఒకటో తరగతి అంటే చిన్న అలలతో కదిలే నీరు, మూడో తరగతి అంటే పెద్ద కెరటాలున్నా నేర్పుతో దాటదగినది, ఆరో తరగతి అంటే దాదాపు దాటరానిది.

బేత్రావతి దాటాక లోయ విప్పారి, త్రిశూలి బజార్ చేరేసరికి నది సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తుకు, అంటే దాదాపు హైదరాబాద్ నగరం ఉన్న ఎత్తుకే దిగివస్తుంది. 1960ల్లో భారతదేశ సాయంతో కట్టిన జలవిద్యుత్ కేంద్రం ఇక్కడ ఉంది. ఎగువన 60 మెగావాట్ల త్రిశూలి 3ఎ కేంద్రం 2019 నుంచి పనిచేస్తోంది. ఇవి పెద్ద జలాశయాలు కట్టకుండా, నీటిని కాలువలోకో సొరంగంలోకో మళ్లించి, టర్బైన్లు తిప్పాక మళ్లీ నదిలోకి వదిలే రకం. అయినా ఇటువంటి కట్టడం ఉన్న ఏ నదిలోనైనా నీటిమట్టం వానను బట్టే కాక మనిషి నిర్ణయాన్ని బట్టి కూడా మారుతుందన్న సంగతి హైదరాబాద్ మరచిపోలేనిది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో, థలౌట్ దగ్గర బియాస్ నదిలోని రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న వి.ఎన్.ఆర్. విజ్ఞానజ్యోతి ఇంజనీరింగ్ కళాశాల బృందం మీదికి లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు వచ్చిపడింది. 24 మంది విద్యార్థులూ, వారి వెంట వచ్చిన ఒక టూర్ నిర్వాహకుడూ ప్రాణాలు కోల్పోయారు. వారు తెప్ప ఎక్కలేదు, సాహసమేమీ చేయలేదు. ఒడ్డున తేటగా, తక్కువగా కనిపించిన నీటిని చూసి అది అలాగే ఉంటుందనుకున్నారు, అంతే. కొత్త నది ఒడ్డుకు వెళ్లిన ఎవరైనా మొదట అడగవలసిన ప్రశ్న నీటి లోతు గురించి కాదు, ఎగువన ఏముంది, ఎప్పుడు నీరు వదులుతారు అన్నదే.

త్రిశూలి బజార్‌కు కొంత దిగువన, తాదీ నది కలిసే దేవీఘాట్ దగ్గర, నేపాల్‌ను ఏకం చేసిన పృథ్వీ నారాయణ్ షా 1775లో కన్నుమూశాడు. ఆయన పేరు పెట్టుకున్న రాజమార్గం గల్ఛీ దగ్గర నదిని కలుసుకుంటుంది. చేపల వేపుళ్లకు పేరుపడ్డ మలేఖు దాటాక బేనీఘాట్ వద్ద ఉత్తరం నుంచి బుఢీ గండకీ వచ్చి కలవగానే నది పరిమాణం బాగా పెరుగుతుంది. తొలిసారి రాఫ్టింగ్‌కు వచ్చేవారిలో చాలామంది తెప్పలు ఎక్కే చరౌదీ ఈ సంగమానికి దిగువనే ఉంది.

నదిలో నురగ రేగే చోటును ర్యాపిడ్ అంటారు. త్రిశూలిలో ర్యాపిడ్లు ఎక్కడపడితే అక్కడ పుట్టలేదు. పక్క కొండల నుంచి దిగే చిన్న వాగులను నేపాలీలు ఖోలా అంటారు. అవి వర్షాకాలంలో దొర్లించుకొచ్చిన బండలను నది నోట్లో కుప్పపోస్తాయి, కొన్నిచోట్ల విరిగిపడిన కొండచరియలు అదే పని చేస్తాయి. ఆ బండలు నదిని ఇరుకు చేసిన చోట నీరు లేచి పడుతుంది. కనుక ఒడ్డున వాగు కలిసే చోటు కనిపించిందంటే ముందు ర్యాపిడ్ ఉండవచ్చునని ఊహించవచ్చు. ఏటా వరదకు బండలు జరుగుతాయి గనుక, పోయిన సంవత్సరపు దారి ఈ సంవత్సరం ఉండకపోవచ్చు; అందుకే ఇక్కడి గైడ్లు ప్రతి వర్షాకాలం తరువాత నదిని మళ్లీ మొదటినుంచి నేర్చుకుంటారు. పుస్తకంలో దొరకని ఈ చదువుకు దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదన్నది ఈ వ్యాసం అభిప్రాయం.

ఆ చదువులో మొదటి పాఠం నీటి ఉపరితలాన్ని చూడడం. రెండు బండల నడుమ నున్నగా, మొన దిగువకు తిరిగిన త్రికోణంలా సాగే నీరు తెప్పకు దారి చూపుతుంది. మొన ఎగువకు తిరిగి ఉంటే అక్కడ నీట మునిగిన రాయి ఉన్నదని గుర్తు. బండ మీదుగా దూకిన నీరు అడుగుకు పోయి, పైభాగాన మాత్రం మళ్లీ బండ వైపుకే తిరిగి వచ్చే చోటును హోల్ అంటారు. బలహీనంగా ఎదురైన తెప్పను అది పట్టి నిలిపేస్తుంది. బండ పక్కనో ఒడ్డు వంపులోనో ప్రవాహం వెనుదిరిగి ఎగువకు మెల్లగా పారే చోటు ఎడ్డీ. తెలుగువారు సుడి అనగానే భయపడతారు గానీ, నురగనీటిలో ఎడ్డీయే విడిది. తెప్పలు అక్కడ ఆగుతాయి, వెనుక వచ్చేవాటి కోసం చూస్తాయి, నీట పడినవారిని అక్కడే అందుకుంటాయి.

తెప్ప అడుగు కూడా గాలి నింపినదే. దాని అంచుల వెంట ఉన్న రంధ్రాల గుండా లోపల పడిన నీరు దానంతటదే బయటికి పోతుంది కనుక కెరటం మీద పడినా తెప్ప మునగదు. వెనుక కూర్చున్న గైడ్ ముందుకు వేయమన్నా, వెనక్కి లాగమన్నా, గట్టిగా పట్టుకోమన్నా అందరూ ఒక్కసారే చేయాలి. పాపికొండల లాంచీలో సరంగు నడుపుతుంటే ప్రయాణికుడు కూర్చుని చూస్తాడు. ఇక్కడ ప్రయాణికుడే సిబ్బంది. కొత్తవారికి కెరటం ఎదురైనప్పుడు తెడ్డు వదిలి తెప్పను కరుచుకోవాలనిపిస్తుంది. కానీ వేగం ఉన్న తెప్పే కెరటాన్ని చీల్చుకుపోతుంది, నీటిలో దిగిన తెడ్డు మనిషికి ఊతం కూడా అవుతుంది. ‘అప్‌సెట్’, ‘సర్‌ప్రైజ్’ అని పేర్లున్న ఇక్కడి ర్యాపిడ్లలో మామూలు రోజుల్లో మూడో తరగతికి మించిన నీరు అరుదు గానీ, ఈ విషయం అర్థం కావడానికి అవి చాలు.

నీట పడితే ఏం చేయాలన్నది తెప్ప కదలకముందే చెబుతారు: వెల్లకిలా తేలాలి, కాళ్లు దిగువవైపు ఉంచి, కాలివేళ్లు నీటి పైకి కనబడేలా పెట్టాలి, పారే నీటిలో లేచి నిలబడే ప్రయత్నం చేయకూడదు. కృష్ణానగర్ గల్లీలో నీరు ముంచుకొస్తే ఎవరైనా చేసేది కాళ్లు ఊని నిలబడడమే. నదిలో ఆ స్వభావమే ప్రమాదకరం. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే ప్రవాహం శరీరాన్ని ముందుకు వంచి నీటి కిందికి తొక్కేస్తుంది. ఒడ్డు నుంచి విసిరే తేలియాడే తాడు సంచి, వెంట నడిచే చిన్న రక్షక కయాక్ అనే ఒంటరి పడవ ఉన్నాయా అని చూసుకోవడం ప్రయాణికుని హక్కు. లైఫ్ జాకెట్‌ను భుజాల దగ్గర పట్టి పైకి లాగితే చెవుల దాకా లేవకూడదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన విహారబోటులో దాదాపు 50 మంది చనిపోయారు. బయటపడినవారిలో చాలామంది జాకెట్ వేసుకున్నవారే. ఎండగా ఉందనో, ఫొటోలో బాగుండదనో దాన్ని విప్పేసే అలవాటు తెలుగునాట ఇంకా పోలేదు, పోవాలి.

కురిన్‌టార్ దగ్గర 1998లో మొదలైన మనకామనా దేవి కేబుల్ కార్ నది మీదుగానే కొండెక్కుతుంది. ముగ్లిన్ వద్ద మర్స్యాంగ్దీ కలిశాక నది దక్షిణానికి మళ్లుతుంది, దాని వెంట నారాయణ్‌గఢ్ రోడ్డు కూడా. 2024 జూలై 12 తెల్లవారుజామున సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగి, 60 మందికి పైగా ఉన్న రెండు బస్సులను వానకాలపు నదిలోకి నెట్టింది. వానకాలపు నెలల్లో ఇక్కడ తెప్ప కంటే రోడ్డే ఎక్కువ జాగ్రత్త కోరుతుంది.

దేవఘాట్ వద్ద ముక్తినాథ్ వైపు నుంచి వచ్చే కాళీ గండకీ కలుస్తుంది. అది మోసుకొచ్చే సాలగ్రామాలు హిమాలయాలు లేవకముందు అక్కడున్న టెథిస్ సముద్రంలో బతికిన అమ్మోనైట్ అనే జీవుల శిలాజాలు. సంగమం తరువాత నారాయణిగా పేరు మార్చుకున్న నది చిత్వన్ అడవుల పక్కగా, ఘరియాల్ మొసళ్ల ఇసుక తిన్నెల మధ్య నిదానంగా నడిచి, భారతదేశంలో గండక్‌గా ప్రవేశించి, పాట్నాకు ఎదురుగా హాజీపూర్ దగ్గర గంగలో కలుస్తుంది. ఆ సంగమం పక్కనే ఉన్న సోన్‌పూర్ హరిహరక్షేత్రాన్ని, పోతన భాగవతం వల్ల తెలుగు ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన గజేంద్రమోక్షం జరిగిన చోటుగా అక్కడివారు కొలుస్తారు. ఏటా కార్తీక పూర్ణిమకు అక్కడ పెద్ద సంత జరుగుతుంది. వర్షాలు ఆగి, బురద తేరుకుని, ప్రవాహంలో ఇంకా తగినంత బలం మిగిలి ఉండే ఆ కార్తీకమాసమే చరౌదీలో తొలిసారి తెడ్డు పట్టుకునేవారికి కూడా అనుకూలమైన కాలం. చలికి భయపడేవారు మార్చి, ఏప్రిల్ దాకా ఆగవచ్చు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎవరు పిలిచినా కొత్తవారు ఆ నీటిలో దిగకూడదు.