మత్స్యకన్య కొలువు

నేను ఏడు సంవత్సరాలు మత్స్యకన్యగా పనిచేశాను. ఈ మాట వినగానే ఎవరైనా ముందు నవ్వుతారు, తరువాత నా కాళ్ళవైపు చూస్తారు. అందులో వారి తప్పేమీ లేదు. డబ్బు పుచ్చుకొని ఆ కాళ్ళను దాచడమే నా వృత్తిగా ఉండేది.

జాతరలవెంట తిరిగే మా డేరా చలికాలం చివరకు బస్తరులో దిగేది. అక్కడ జాతరను మడై అంటారు. పంట ఇల్లు చేరిన తరువాత, ఇప్పపూలు రాలడం మొదలు కాకముందు, జనానికి కొంత తీరికా, చేతిలో నాలుగు డబ్బులూ ఉండే కాలమది. సుక్మా దగ్గర రామారంలో చిట్మిటిన్ అమ్మవారి జాతర ఫిబ్రవరిలో జరుగుతుంది. సుక్మా జిల్లా అయినది 2012లో. జాతర మాత్రం ఏ జిల్లాల లెక్కకూ అందనంత పాతది. చుట్టుపట్ల పల్లెల దేవతలు తరలివస్తారు. దేవతల వెనుక గాజులవారు, గాజులవారి వెనుక రంగులరాట్నం, రంగులరాట్నం వెనుక మేము.

ఆ ఊరికి సముద్రం చాల దూరం. సుక్మా ప్రక్కగా పారే శబరి నది కూనవరం వద్ద గోదావరిలో కలిసి, గోదావరి పేరుమీదనే సముద్రాన్ని చూస్తుంది. అయినా మా డేరా ముందు బల్లమీద, నేను సముద్రగర్భంనుంచి పట్టి తెచ్చిన జల్‌పరీనని హిందీలో వ్రాసి ఉండేది. కుంట వైపునుంచి వచ్చే తెలుగువారు నన్ను సాగరకన్య అనేవారు. 1996లో కె. రాఘవేంద్రరావు తీసిన ‘సాహసవీరుడు సాగరకన్య’ చిత్రం పుణ్యమా అని ఆ పేరు వారి నోళ్ళలో నిలిచిపోయినది. శిల్పాశెట్టి అందాన్ని నాలో వెదికి, దొరకక, టిక్కెట్టు డబ్బు తిరిగి ఇమ్మన్నవారు కూడ ఉన్నారు.

నిజం చెప్పవలెనంటే ఆ ఏడేళ్ళలో నేను ఒక్కనాడైనా నీటిలో దిగలేదు. రెండు గాజు పలకలు, వాటి మధ్య జానెడు వెడల్పున నీరు, అందులో పది పన్నెండు చేపపిల్లలు, అడుగున గాలిబుడగలు వదిలే చిన్న యంత్రం. ఆ నీటికి వెనుక, పొడిబల్లమీద, నడుమునుంచి రెక్సిను తోక తొడుగుకొని నేను ఒత్తిగిలి పడుకొనేదాన్ని. ముందునుంచి చూచేవారికి చేపలు నా జుట్టులో ఈదుతున్నట్లు తోచేది. చేయి ఎత్తితే తేలుతున్నట్లు ఎత్తవలె. రెప్ప వాల్చితే నీటి బరువు దానిమీద ఉన్నట్లు వాల్చవలె. విద్య అంతా అంతే. దీపాల వేడికి తోకలో చెమట మడమలదాకా కారేది. రోజంతా నన్ను తడిపిన నీరు అదొక్కటే.

నీటిలో నిజంగా మునిగి ఈ పని చేసేవారి కష్టం వేరు. ఆస్ట్రేలియా దేశపు ఈతగత్తె ఆనెట్ కెల్లర్‌మన్ బాల్యంలో బలహీనమైన కాళ్ళకు ఇనుప పట్టీలు కట్టుకొని నడిచినది. కాళ్ళు బలపడాలని ఈత నేర్చి, చివరకు 1911లో వచ్చిన మూగచిత్రంలో కాళ్ళు లేని మత్స్యకన్యగా నటించినది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు వీకీ వాచీ ఊటలో 1947లో న్యూటన్ పెర్రీ అనే ఆయన నీటి అడుగున రంగస్థలం ఏర్పరచినాడు. అక్కడి యువతులు రబ్బరు గొట్టంనుంచి గాలి పీల్చుకొంటూ, చల్లని ఊటనీటిలో చిరునవ్వు చెదరకుండా నాట్యం చేస్తారు. ఊపిరి బిగబట్టినవానిని పైకి రమ్మని తొందరపెట్టేది ప్రధానంగా లోపల పెరిగే బొగ్గుపులుసు గాలియే గాని, ప్రాణవాయువు కొరత కాదట. అందుచేత మునిగేముందు గబగబ ఊపిరి తీసి వదిలినవారికి ప్రమాదం తెలియకుండానే స్పృహ తప్పుతుంది. కంటికి అద్దాలు లేనందున ఎదుట కూర్చున్నవారు వారికి మసకగానే కనబడతారు. ఈ ఒక్క విషయంలో నేను వారికంటె అదృష్టవంతురాలనో, దురదృష్టవంతురాలనో చెప్పలేను. నాకు ప్రతి ముఖమూ స్పష్టంగా కనబడేది.

అసలు బాధ తోకది కాదు, కథది. మా వ్యాఖ్యాత మైకు పట్టుకొని, ఈ పిల్ల కన్నతల్లిని కొట్టినదనీ, తల్లి శాపంచేత నడుము క్రింద చేప అయినదనీ చెప్పేవాడు. చివర నావైపు తిరిగి, “తల్లి మాట విననందుకే కదా నీకీ గతి?” అని అడిగేవాడు. నేను తల ఊపవలె. అప్పుడు పిల్లలను తెచ్చిన తల్లిదండ్రులు తృప్తిగా వారివైపు చూచేవారు. రోజుకు ఇరవైసార్లు అట్లా తల ఊపేదాన్ని. మా అమ్మ ఆ రోజులలో చింతూరు వైపు మా పల్లెలో మంచం పట్టి ఉన్నది. తోక తొడుగుకొన్న డబ్బుతోనే ఆమెకు మందులు.

శాపం కథ మనకు కొత్త కాదు. భారతం ఆదిపర్వంలో అద్రిక అనే అప్సర బ్రహ్మశాపంచేత యమునలో చేప అవుతుంది. ఆమె కడుపున పుట్టిన ఆడపిల్ల దాశరాజు ఇంట పెరిగి, మత్స్యగంధి అనిపించుకొని, ఏటిమీద పడవ నడుపుతుంది. పండితులు ఆ తరువాతి పరాశరుని రాకనూ, వ్యాసుని పుట్టుకనూ గూర్చి చెబుతారు. నాకు మాత్రం పడవ దగ్గరనే మనస్సు ఆగిపోతుంది. ఒంటినిండా చేపవాసనతో ఆ పిల్ల ఎందరిని అవతలి గట్టుకు చేర్చినదో!

ఒక సంవత్సరం రామారంలో, ఆట ముగిసి జనం వెళ్ళిపోయిన తరువాత ఒక ముసలామె మాత్రం నిలబడిపోయినది. గాజు దగ్గరకు వచ్చి ముందు చేపలను పరీక్షించినది. శబరిలో వల వేసే ఇంటిదట. “ఇవి చెరువు చేపలు” అని కోయ భాషలో తనలో తాను అనుకొన్నది. మా పల్లెలో కోయవారు ఇరుగుపొరుగు కావడంచేత నాకు ఆ మాట తెలిసి నవ్వు వచ్చినది. ఆమె అది కనిపెట్టి, “కూలి ఎంత ఇస్తారు బిడ్డా?” అన్నది. మత్స్యకన్య మాట్లాడరాదని యజమాని ఆజ్ఞ. అయినా చెప్పాను. ఆమె కొంతసేపు లెక్క కట్టుకొని, “ఇప్పపూలు ఏరినా అంత రాదు. వెన్ను కూడ వంచనక్కరలేదు. మంచి పనే” అన్నది. గుడ్డ తొలగించి బయటకు పోతూ మళ్ళీ వెనుకకు తిరిగి, “మీ అమ్మను మాత్రం తిట్టనివ్వకు” అన్నది.

తరువాతి ఆటలో వ్యాఖ్యాత ప్రశ్న అడిగినప్పుడు నేను తల ఊపలేదు. మళ్ళీ అడిగినాడు. నేను చేపలవైపు చూస్తూ ఉండిపోయాను. అతడు ఆరితేరినవాడు, గొంతు తగ్గించి, “సిగ్గుతో చచ్చిపోతున్నది, చూడండి” అన్నాడు. డేరా అంతా నిశ్శబ్దమైనది. ఆ రోజు పళ్ళెంలో మామూలుకంటె ఎక్కువ చిల్లర పడ్డది. ఇకమీద అట్లాగే ఉండమని యజమాని ఆ సాయంత్రమే సెలవిచ్చినాడు. నా మౌనాన్ని కూడ వారు కథలో కలుపుకొన్నారన్నమాట. కానీ ఆ తరువాత నేను ఎన్నడూ తల ఊపలేదు. కూలి పెంచమని అడగడానికి నోరు వచ్చినది కూడ ఆ వారంలోనే.

అమ్మ పోయిన తరువాత ఆ పని మానుకొన్నాను. నా స్థానంలో వచ్చిన పిల్ల సన్నగా ఉన్నందున తోకను నడుము దగ్గర రెండంగుళాలు కుట్టి ఇచ్చాను. రెప్పలు మెల్లగా వాల్చడం, ఆటకు గంట ముందునుంచి నీళ్ళు త్రాగకుండా ఉండడం చూపాను. తల్లిని గూర్చి అడిగినప్పుడు ఏం చేయవలెనని ఆమె అడిగినది. చేపలవైపు చూడమన్నాను.