కోటి రూపాయల ప్రశ్న

పృచ్ఛకులు నలుదిక్కుల గూర్చుండి ప్రశ్నలు సంధించుచుండ, అవధాని తడబడక వానికి బదులు చెప్పుచుండ, సభయెల్ల తానే పరీక్షకు నిలిచినట్లు తహతహలాడుట తెలుగువారికి తరతరములుగా నలవడిన రుచి. కావుననే కాబోలు, 1998లో బ్రిటనున బుట్టి, 2000 జూలైలో అమితాబ్ బచ్చన్ నోట హిందీ పలికి, పిమ్మట తెలుగు తెరకు వచ్చిన కోటీశ్వరుల పోటీ మన యిండ్లలో పరాయిదిగా దోచలేదు. కోరుట్లలో ఒడిని చాట నుంచుకొని తునికాకులో తంబాకు చుట్టు తల్లులును, సిరిసిల్లలో సాంచాల మోత చెవులలో నింక నిలిచియుండగనే యిల్లు చేరిన నేతపనివారును, జగిత్యాలలో అద్దెగదులం దుండి గ్రూప్స్ పరీక్షలకు చదువుకొను పిల్లలును ఆ పోటీకి సమానముగనే ప్రేక్షకులు. నాలుగు ఆప్షన్లు తెరపై బడకమున్నే సమాధానము చెప్పివేయు పిల్లవాని వైపు ఆ యింటి పెద్దలు చూచు చూపులో నొక గర్వ ముండును. అది నాకు మిక్కిలి యిష్టమైన దృశ్యము.

2021 నవంబరులో జెమిని టీవీ 'ఎవరు మీలో కోటీశ్వరులు' కార్యక్రమమున, జూనియర్ ఎన్టీఆర్ ఎదుట హాట్ సీటుపై గూర్చుండి కోటి రూపాయలు గెలుచుకొనిన రాజారవీంద్ర కొత్తగూడెం ప్రాంతమువాడు, వృత్తిచే పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు. తెలుగు కార్యక్రమమున నంతవరకు నెవ్వరును ఆ మెట్టు నెక్కియుండలేదు. ఇట్టి బహుమతిపై ఆదాయపు పన్ను నూటికి 30 చొప్పున, దానిపై సర్‌చార్జియు సెస్సును పోగా మిగులునదే గెలిచినవానిది. ఐనను తుపాకి గురిపోటీలలో ఆరితేరి ఒలింపిక్ పతకమును స్వప్నించు నొక యుద్యోగికి ఆ మిగిలినదియు కొండంత యండయే. పండితవంశము, పెద్ద పదవి యను నాధారము లేవియు నక్కరలేక, యూనిఫారమువాడు విద్యచేత గెలిచెనన్న వార్త మన జిల్లాలలోని పోటీపరీక్షల పిల్లల కెంత ధైర్య మిచ్చెనో మాటలలో జెప్పుట కష్టము.

అయితే నా మనస్సును పట్టి నిలిపినది సొమ్ము కాదు, ఆ కడపటి ప్రశ్న. 1956 నాటి రాష్ట్రముల పునర్విభజనకు దారి చూపిన కమిషన్ కధ్యక్షు డెవ్వడు? ఫజల్ అలీ. కోచింగు పుస్తకములలో నిది యొక మార్కు బిట్టు. ప్రక్కనే తక్కిన యిద్దరు సభ్యుల పేర్లును, కుంజ్రూ, పణిక్కర్ అని, ముద్రింపబడియుండును. పిల్లలు మూటిని నొకే యూపులో వల్లింతురు. కాని 1953 డిసెంబరులో నియమితమై 1955 సెప్టెంబరులో నివేదిక సమర్పించిన ఆ కమిషన్ తెలంగాణమును గూర్చి యేమి చెప్పినదని యడిగినచో వల్లె యాగిపోవును.

అది చెప్పినది చిన్న మాట కాదు. విశాలాంధ్రమునం దున్న లాభములను తూచి చూచియు, చదువులో వెనుకబడిన తెలంగాణమువారు ముందంజ వేసిన కోస్తావారి చేత నణగిపోదురేమో యన్న భయమును, కృష్ణా గోదావరీ జలములను గూర్చిన శంకను, తెలంగాణపు రాబడి యెటు పోవునన్న సందేహమును త్రోసివేయక, ప్రస్తుతమునకు దీనిని హైదరాబాదు రాష్ట్రముగా వేరుగ నుంచుడనియు, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత నా రాష్ట్ర శాసనసభలో మూడింట రెండు వంతులు కోరినచో అప్పుడు కలుపుడనియు సూచించినది. ధర్మపురి కడ గోదావరిని నిత్యము చూచు మనకు ఆ జలముల శంక పుస్తకములోని మాట కాదు. సూచన యట్లుండగనే 1956 ఫిబ్రవరిలో ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందము జరిగినది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ మవతరించినది. ఒప్పందపు రక్షణలు నిలువలేదన్న యాక్రోశమే 1969లో విద్యార్థులను వీథులకు దెచ్చినది. 2014 జూన్ 2 వరకు నా కథ సాగినది.

1969లో తరగతులు విడిచి చదువులో నొక సంవత్సరము పోగొట్టుకొనినవారు నేడు మన పట్టణములలో ముదుసలులు. ఫజల్ అలీ పేరు తెరపై వినబడగనే "గా ముచ్చట మాకెరుకే బిడ్డా" యనగలిగినవారు వీరే. ఒకే సమాధానము మనుమనికి మార్కుగాను, తాతకు యౌవనముగాను ఉన్న యింట, ఆ యిద్దరును దానిని గూర్చి యొకరితో నొకరు మాటలాడుకొనకుండుట నాకు బాధ గలిగించును. కోటి గెలిచిన యా సమాధానము వెనుక నున్న పుటలను పిల్లలు చదువవలెనని నేను మనఃపూర్వకముగా గోరుచున్నాను. చదువుటకు తీరికలేనిచో అడిగి తెలిసికొనవచ్చును. ఆ ముదుసలులలో పలువు రిప్పటికిని ఉదయము పత్రిక చదువుకొనుటకు గ్రంథాలయమునకు వత్తురు. పోటీపరీక్షల పిల్లలు గూర్చుండు బల్ల వారి బల్లకు ప్రక్కదే.