సద్దులకు ఊరెళ్తున్నారా? ఉప్పల్‌లో నిలబడే ముందు ఒక్క మాట

2016 అక్టోబర్ 11న దసరా. సరిగ్గా ఆ పండుగ రోజే ఉమ్మడి వరంగల్ నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు పుట్టాయి. జిల్లాలైతే వేరయ్యాయి కానీ, పండుగ వచ్చిందంటే మూడు జిల్లాల పిల్లలం మళ్లీ ఒక్కచోటే కలుస్తాం. ఉప్పల్ రింగ్ రోడ్డులో, భుజాన బ్యాగుతో, హన్మకొండ బోర్డున్న ప్రతి బస్సు వెనకా ఉరుకుతూ!

మాది భూపాలపల్లి. రెండేళ్ల కింద సద్దుల బతుకమ్మ రోజు ఆఫీసులో హాఫ్ డే పెట్టి, మూడింటికల్లా ఉప్పల్ చేరా. బస్సు ఎక్కేసరికి నాలుగున్నర. సీటు సంగతి దేవుడెరుగు, ఒంటికాలి మీద నిలబడ్డా. నారపల్లి దాటడానికే గంట. ఆలేరు దగ్గర అమ్మ ఫోన్: "ఎక్కడున్నవ్ బిడ్డా? బతుకమ్మ పేర్చుడయిపోయింది." హన్మకొండలో దిగి ఇంకో బస్సు కోసం చూస్తుంటే మళ్లీ ఫోన్: "చెరువుకాడికి పోతున్నం. నువ్వు పైలంగ రా." ఇంటికి చేరేసరికి పదకొండు. వాకిట్లో తంగేడు రేకలు, వంటింట్లో మూత పెట్టిన మలీద ముద్దలు మిగిలాయి. సుమారు 200 కిలోమీటర్లకు ఎనిమిది గంటలు పట్టింది. అమ్మ ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

ఆ రాత్రి అర్థమైంది, తప్పు దూరానిది కాదని. మూడు ఊళ్లకు మూడు దారులుంటే అందరం ఒకే సాయంత్రం, ఒకే చౌరస్తాలో నిలబడుతున్నాం.

జనగామ వాళ్లు అదృష్టవంతులు. 85 కిలోమీటర్లే. కానీ ఒక చిక్కుంది. ఎక్కే ముందే "ఊళ్లకు పోతదా, బైపాస్ మీదనా?" అని కండక్టర్‌ను అడగండి. లేకపోతే చీకట్లో హైవే పక్కన దిగి ఆటో వెతుక్కోవాలి. ఉప్పల్ రద్దీయే వద్దనుకుంటే చర్లపల్లి స్టేషన్‌కు వెళ్లండి. గోల్కొండ, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లు అక్కడా ఆగుతాయి, జనగామలోనూ ఆగుతాయి. రైల్‌వన్ యాప్‌లో జనరల్ టికెట్ తీసుకుంటే కౌంటర్ దగ్గర క్యూ బాధ ఉండదు. నిలబడి వెళ్లినా ఫ్లైఓవర్ పనుల మధ్య ఇరుక్కోవడం కంటే నయమే.

మహబూబాబాద్‌ది వేరే కథ. మన మానుకోట కాజీపేట–విజయవాడ లైన్ మీద ఉంది. అంటే ఆ రైలు బెర్తుల కోసం విజయవాడ, రాజమండ్రి, వైజాగ్ వాళ్లతో పోటీ పడాలి. సంక్రాంతికి ఇక చెప్పక్కర్లేదు. పండుగ వాళ్లది, నలిగేది మనం. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. దసరా తేదీ క్యాలెండర్‌లో జనవరి నుంచే ఉంటుంది కదా, అప్పుడే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. అది తప్పితే తత్కాల్. ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కు పదకొండింటికి. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ లింక్ చేశారో లేదో నెల ముందే చూసుకోండి. ఆ నిమిషంలో ఓటీపీ కోసం చూస్తూ కూర్చుంటే సీట్లు పోతాయి.

రైలు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు కూడా. 2024 సెప్టెంబర్ మొదట్లో కేసముద్రం–ఇంటికన్నె మధ్య వరదకు కట్ట తెగి, పట్టాలు గాల్లో వేలాడిన వీడియోలు మీ ఫోన్లలోకీ వచ్చే ఉంటాయి. కొన్ని రోజులు ఆ లైనే బంద్. వలిగొండ, మోత్కూరు, తిరుమలగిరి, తొర్రూరు మీదుగా రోడ్డు ఉంది. వరంగల్ హైవే కిక్కిరిసినప్పుడు మానుకోట వాళ్లకు అదే దిక్కు. చాలామంది ఎందుకో దాన్ని మర్చిపోతారు.

ఇక మా భూపాలపల్లి. సింగరేణి గనులున్నాయి, చెల్పూరులో కరెంటు ప్లాంటు ఉంది, రైలు స్టేషన్ మాత్రం లేదు. నేరుగా బస్సు దొరికితే సరే. దొరక్కపోతే ఇప్పుడు నేను చేసేది ఇది: కాజీపేట దాకా రైలు, అక్కడి నుంచి ఆటోలో హన్మకొండ బస్టాండు, తర్వాత పరకాల మీదుగా బస్సు. మూడు బండ్లు మారాలి, నిజమే. కానీ హన్మకొండలో బస్సు ఖాళీగా వచ్చి ప్లాట్‌ఫాం మీద ఆగుతుంది, కర్చీఫ్ వేసే చాన్స్ మనకూ ఉంటుంది. చీకటి పడకముందే హన్మకొండ చేరాలి, అంతే. రాత్రయితే బస్సులు పలచబడతాయి.

టికెట్ డబ్బుల దగ్గర కూడా గొడవలవుతుంటాయి. పండుగ స్పెషల్ బస్సుల్లో ఆర్టీసీ ఒకటిన్నర రెట్ల దాకా తీసుకోవచ్చు. 2003 నాటి జీవో 16 ప్రకారమే అది. రెగ్యులర్ సర్వీసుల్లో మామూలు చార్జీయే. కాబట్టి కండక్టర్‌తో తగువు పెట్టుకునే ముందు బస్సు ముందున్న బోర్డు చూడండి. అక్కాచెల్లెళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో జీరో టికెట్ ఉంది, డీలక్స్, సూపర్ లగ్జరీలలో లేదు. తెలంగాణ అడ్రసున్న ఒరిజినల్ కార్డు వెంట ఉంచుకోండి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఆ రద్దీలో ఎవరూ వినరు.

పోయినేడు సద్దులకు ఒకరోజు ముందే, మధ్యాహ్నం రైలెక్కా. లీవు ఒకటి ఎక్కువ ఖర్చయింది. మేనేజర్ మొహం అదోలా పెట్టాడు. పెట్టనీ. మర్నాడు పొద్దున్నే నాన్నతో కలిసి తంగేడు పువ్వు తేవడానికి పోయా. సాయంత్రం చెరువుగట్టు మీద అమ్మ బతుకమ్మను నేనే మోశా.

రిటర్న్ మాత్రం ఈసారీ ఆదివారం సాయంత్రమే పెట్టుకున్నా. హన్మకొండ నుంచి ఉప్పల్ దాకా నిలబడే వచ్చా, అమ్మ కట్టిచ్చిన సత్తుపిండి డబ్బా నలగకుండా ఛాతీకి అదుముకుని.