బేంకాకులో మత్స్యవల్లభుడు

యాత్రావిశేషాలు వ్రాయడం నాకు అలవాటు లేని పని. చూచిన గోపురాల ఎత్తులూ, తిన్న పదార్థాల రుచులూ వర్ణించడానికి నాకంటె సమర్థులు మీలో చాలమంది ఉన్నారు. అయినా ఒక్క దినం జరిగిన సంగతి మనసులో ముల్లువలె ఉండిపోయినందువలన ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

2024 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన తరువాత, మా అబ్బాయి పిలుపు మీద నేనూ మా ఆవిడా బేంకాకు వెళ్ళాము. అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. మనుమరాలికి తొమ్మిదేండ్లు. ఆ ఊరి బడిలోనే చదువుతున్నది. తెలుగు మాట్లాడగలదు కాని అక్షరం రాదు. తెలుగు పండితుని ఇంట ఇట్టి పిల్ల పుట్టినదని నాలో నేను ఎన్నోసార్లు నొచ్చుకున్నాను.

ఆ ఊరిలో దిగినది మొదలు నా చెవులకు విందే. విమానాశ్రయం పేరు సువర్ణభూమి. లోపల దేవదానవులు వాసుకిని పట్టి చిలుకుతున్న క్షీరసాగరమథన శిల్పం. నగరానికి ఒక సుదీర్ఘ నామధేయం ఉన్నదనీ, లోకంలో అంతటి పొడవైన ఊరిపేరు మరొకటి లేదనీ మా కోడలు చెప్పి, వ్రాసియున్నది చదివి వినిపించింది. విరిచి చూస్తే మహానగరమూ, అమరులూ, నవరత్నాలూ, రాజధానీ, అమరవిమానమూ అన్నీ అందులో ఉన్నాయి. చివరకు ఇంద్రుడు ఇవ్వగా విశ్వకర్మ కట్టినదట. ఇంతటి సమాసం ఏ ప్రబంధంలోనూ చూడలేదని మురిసిపోయాను.

ఒక ఆదివారం ప్రొద్దున్నే అందరమూ బయలుదేరాము. అశోక్ అనే కూడలి దగ్గర భూగర్భ రైలు ఎక్కి సనాంచాయ్ స్టేషనులో దిగాము. అక్కడి నుండి రాజప్రాసాదానికి నడక. ద్వారం దగ్గర మా అబ్బాయిని ఆపివేశారు. మోకాళ్ళు కనబడే లాగుతో లోనికి పోరాదట. వాడు బజారులో ఏనుగుబొమ్మలు అచ్చువేసిన పైజామా ఒకటి కొని తొడుక్కొని వచ్చాడు. నా పంచెకు మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. "చూశావా, మా నాయన వేషమే అంతర్జాతీయం" అని వాడు నవ్వాడు. మనిషికి 500 బాత్‌ల టిక్కెట్టు. మా ఆవిడ ఆ మొత్తాన్ని రూపాయలలోకి మార్చి కాసేపు మౌనం వహించింది.

ఆ ప్రాసాదాన్ని 1782లో మొదటి రామ బిరుదాంకితుడైన రాజు కట్టించడం ప్రారంభించాడు. అందులోనే మరకతబుద్ధుని ఆలయం. మూర్తి చిన్నది, రెండు అడుగుల పైచిలుకు మాత్రమే. ఎండకాలం, వానకాలం, చలికాలం అని ఏడాదికి మూడుసార్లు రాజే స్వయంగా ఆ మూర్తికి వస్త్రాలంకారం మారుస్తాడట. ద్వారాల ప్రక్క నిలువెత్తుకు మూడింతల యక్షులు కాపలా. వారిలో ఆకుపచ్చ వన్నెవాడు మన దశకంఠుడే. వారి నోట "తోసకన్" అయినాడు.

ఆలయం చుట్టూ ఉన్న మండపాల గోడలమీద 178 చిత్రాలలో రామాయణం మొత్తం వ్రాసియున్నది. వారు దానిని రామకియెన్ అంటారు. అంటే రామకీర్తి. 1767లో అయుత్థయ నగరం బర్మావారి దండయాత్రలో నాశనమైనప్పుడు పాత గ్రంథాలు చాలవరకు పోగా, ఆ మొదటి రామరాజే మళ్ళీ కావ్యం మొత్తం సమకూర్పించాడు. ఉత్తరద్వారం దగ్గర జనకుడు దున్నుతుండగా సీత దొరకడంతో కథ మొదలవుతుంది. నేను మనుమరాలి చేయి పట్టుకొని, కంచుకంఠంతో ఒక్కొక్క గోడనూ వివరిస్తూ నడిచాను. ముప్పైరెండేండ్లు పాఠం చెప్పిన గొంతుక, అంత సులభంగా ఊరుకోదు గదా.

సేతుబంధనం దగ్గర పిల్ల నన్ను ఆపింది. సముద్రంలో ఒక బంగారు మత్స్యకన్య, ఆమె ప్రక్కన తెల్లని హనుమంతుడు.

"తాతా, ఈమె సువన్నమచ్ఛా. తోసకన్ కూతురు. రాళ్ళు ఎత్తుకొనిపోతుంటే హనుమాన్ పట్టుకున్నాడు. తరువాత ఇద్దరికీ ప్రేమ. వాళ్ళ కొడుకు మచ్ఛాను. కోతికి చేపతోక ఉంటుంది!" అని ఎంతో సంబరంగా చెప్పింది.

"తప్పమ్మా" అన్నాను. "హనుమంతుడు ఆజన్మ బ్రహ్మచారి. ఆయనకు కొడుకేమిటి? ఈ బొమ్మలు వ్రాసినవారికి రామాయణం తెలియదు."

పిల్ల నా వంక చూచింది. "మా బడిలో ఇదే చెప్పారు తాతా" అని మెల్లగా అని, నా చేయి వదలి అవ్వ దగ్గరకు పోయింది. ఆ చూపు నాకు క్రొత్తది కాదు.

1994లో అనంతపురం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో నేను పనిచేస్తున్నాను. ఎనిమిదవ తరగతి పరీక్షలో హనుమంతుని గూర్చి వ్యాసం ఇచ్చాను. ఒక పిల్లవాడు హనుమంతుని కొడుకు మత్స్యవల్లభుడని వ్రాశాడు. మైరావణుడు రామలక్ష్మణులను పాతాళానికి ఎత్తుకొనిపోతే, వెదుకబోయిన హనుమంతుణ్ణి కాపలా ఉన్న మత్స్యవల్లభుడు అడ్డగించాడనీ, తండ్రీకొడుకులు ఒకరినొకరు ఎరుగక పోరాడారనీ రెండు పుటలు నింపాడు. నేను ఆ రెండు పుటలమీద అడ్డంగా ఎర్రగీత గీసి సున్న వేశాను. అంతటితో ఊరుకొనక తరగతిలో నిలబెట్టి, "ఆజన్మ బ్రహ్మచారికి కొడుకేమిట్రా? ఇది ఏ రామాయణం?" అని అడిగాను. పిల్లలందరూ నవ్వారు. "మా నాయన ఆడిస్తాడు సార్, ఈ కథ" అన్నాడు వాడు. వాడు తోలుబొమ్మలాటవారి బిడ్డ. "బొమ్మలాట వేరు, చదువు వేరు, కూర్చో" అన్నాను. ఆ సంవత్సరమంతా వాడు నా తరగతిలో మరల నోరు విప్పలేదు.

వాడు వ్రాసినది నాకు తెలియని కథ కాదు. చిన్నతనంలో మా ఊరి చావడి ముందు, తెల్లని తెరవెనుక దీపాలు వెలుగుతుండగా, నేనూ ఆ మైరావణచరిత్ర తెల్లవార్లూ చూచినవాడనే. హనుమంతుడు తోకను కోటగా చుట్టి రామలక్ష్మణులను దాచడం, మైరావణుడు విభీషణుని రూపంలో రావడం, నడుమ కేతిగాని అల్లరి, చివరకు చేపకడుపున పుట్టిన కొడుకుతో తండ్రి పోరు, అన్నీ కన్నులు ఆర్పక చూచినాను. హనుమంతుని చెమటబొట్టును చేప మ్రింగినందున ఆ బిడ్డ పుట్టినాడని, బ్రహ్మచర్యానికి భంగం కలుగకుండ, ఆ కథ చెప్పినవారే జాగ్రత్తపడ్డారు కూడ. ప్రాచ్యకళాశాలలో నాలుగేండ్లు చదివిన తరువాత ఆ రాత్రిని నేనే కొట్టివేశాను. అదే నేను రంగనాథ రామాయణంలోని ఉడుత కథను, వాల్మీకంలో లేకున్నా, ఎంత అందమైన కల్పనయో అని తరగతులలో పరవశించి చెప్పేవాడిని. అది అచ్చయిన పుస్తకంలో ఉన్నది. పిల్లవాని కథ వాని తండ్రి చేతులలో ఉన్నది. తేడా అంతే.

ఆ తరువాతి గోడలను నేను మాటలాడక చూచాను. ఒకచోట హనుమంతుడు కొండంత పెరిగి, రాముడున్న మండపాన్ని నోటిలో పెట్టుకొని కాపాడుతున్నాడు. వారు మైరావణుని "మైయరాప్" అంటారట. మనవాడు తోకతో కోట కట్టినాడు, వారివాడు నోట దాచినాడు. ఆదుర్దా మాత్రం ఒక్కటే.

మధ్యాహ్నం పసుపుపచ్చని జెండామీద ఎర్రని అక్షరం ఉన్న ఒక చిన్న హోటలు వెదకి కూర్చున్నాము. ఆ గుర్తు ఉన్నచోట మాంసమే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడ ఉండవట. మా ఆవిడ ముఖం వికసించింది. మామూలు శాకాహారానికి వారు వాడే మాట "మంగ్‌సవిరత్". మాంసవిరతి! ఇంతమంచి మాట మనం ఎందుకు వాడుకోలేదో అనుకున్నాను. పుట్టగొడుగులు, సోయాపన్నీరు వేసిన కూరతో అన్నం తిన్నాము. మా ఆవిడ మాత్రం డబ్బాలో తెచ్చిన పులిహోరను సగం తాను తిని, తక్కిన సగం బలవంతంగా మాకు పంచింది. పిల్ల నాతో పెద్దగా మాటలాడలేదు.

పిమ్మట వాట్ ఫో ఆలయంలో 46 మీటర్ల పొడవున శయనించిన బుద్ధుని దర్శించాము. పాదాలమీద ముత్యపుచిప్పతో పొదిగిన 108 మంగళచిహ్నాలు. గోడవెంట వరుసగా 108 కంచుపాత్రలు. చిల్లర నాణేలు ఒక్కొక్కటిగా వేస్తూ పోవాలి. పిల్లా నేనూ చెరిసగం వేశాము. ఆ గలగలలో కొంత రాజీ కుదిరింది.

సాయంకాలం పడవలో నది దాటి అరుణాలయానికి పోతున్నాము. ఆ గోపురంమీది పింగాణీ ముక్కలు ఎండకు మెరుస్తున్నాయి. నేను పిల్లను ప్రక్కన కూర్చోబెట్టుకొని, "ప్రొద్దున నేను చెప్పినదే తప్పు తల్లీ. హనుమంతునికి కొడుకు ఉన్నాడు. మా ఊళ్ళో వాని పేరు మత్స్యవల్లభుడు" అన్నాను.

దాని కన్నులు పెద్దవైనాయి. "మీకూ ఉన్నాడా? చేపతోక ఉందా?"

కథ అంతా చెప్పాను. తెర ఎట్లా కడతారో, తోలుమీద రంగులు ఎట్లా పూస్తారో కూడ చెప్పాను. తమ దేశంలోనూ తోలుతో చేసిన పెద్దబొమ్మలు ఉన్నాయనీ, వాటిని "నాంగ్ యాయ్" అంటారనీ, వాటితో ఆడేది రామకియెన్ కథలేననీ అది నాకు పాఠం చెప్పింది. నేను బుద్ధిగా విన్నాను.

రేవులో దిగిన తరువాత మామిడిపండు ముక్కలూ, కొబ్బరిపాలు పోసిన జిగురన్నమూ తింటుండగా అడిగింది: "తాతా, ఆ కథ నీకు ఎవరు చెప్పారు?"

చావడి సంగతి చెప్పవచ్చు. కాని నోట వచ్చినది వేరు. "నా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడు, అమ్మా."

"వాడికి ఫుల్ మార్కులు ఇచ్చావా?"

మా ఆవిడ నా వంక చూచింది. ఆమెకు ఆ సంగతి తెలుసు. "లేదమ్మా, ఇవ్వలేదు" అన్నాను. పిల్ల కాసేపు ఆలోచించి, తన గిన్నెలోని ఆఖరి మామిడిముక్కను నా గిన్నెలో వేసింది.

ఊరికి వచ్చిన తరువాత ఆ పిల్లవాని కొరకు పాత సహోపాధ్యాయులను ఇద్దరిని విచారించాను. వారి కుటుంబం ఆ ఊరు విడిచి చాలకాలమైనదట. వానికిప్పుడు నలుబదియేండ్లు దాటి ఉంటాయి. ఎక్కడ ఉన్నాడో దొరికితే మరల వ్రాస్తాను. మీ ఊళ్ళలో మైరావణుని ఆట చూచినవారు ఎవరైనా ఉంటే, అందులో మత్స్యవల్లభుని పుట్టుక ఎట్లా చెప్పారో దయచేసి తెలుపగలరు. మా మనుమరాలు అడుగుతున్నది.